నోటా మీట మీద ఎవరి వేలు?

2019 లోక్‌సభ ఎన్నికల్లో తిరుపతి స్థానంలో మూడో స్థానం ఏ పార్టీకీ దక్కలేదు, నోటాకు దక్కింది. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి బల్లి దుర్గాప్రసాదరావు 2,28,376 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. తెలుగుదేశం అభ్యర్థి పనబాక లక్ష్మి రెండో స్థానంలో నిలిచారు. ఆ తరువాత 25,781 ఓట్లతో నోటా. ఇదే స్థానం నుంచి ఆరుసార్లు గెలిచిన మాజీ కేంద్రమంత్రిని నిలబెట్టిన కాంగ్రెస్, కేంద్రంలో అధికారంలో ఉన్న బీజేపీ, దళితుల పార్టీగా పేరున్న బీఎస్పీ, మూడూ నోటా కంటే వెనకబడ్డాయి. తిరుపతి షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయిన స్థానం. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఆత్మకూరుకు పొరుగునున్న కలువాయి మండలం అసెంబ్లీకి వెంకటగిరి జనరల్ స్థానంలో ఓటు వేసి, పార్లమెంటుకు వచ్చేసరికి ఈ రిజర్వుడు స్థానంలో ఓటు వేస్తుంది. ఒకే రోజు, ఒకే బూత్‌లో, ఒకే ఓటరు రెండు యంత్రాల ముందు నిలబడి, ఒకదానిపై అందరికీ తెరిచి ఉన్న సీటుకూ, మరొకదానిపై దళితులకు కేటాయించిన సీటుకూ మీట నొక్కుతాడు. ఆ రెండో యంత్రం మీద నోటాను ఎంచుకున్న వేలు ఎవరిదన్నది నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న.

దీనికి రెండు జవాబులున్నాయి, రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. పార్టీల పెద్దలు తమకు అనుకూలమైన వ్యక్తిని తెచ్చి మా మీద రుద్దారన్న కోపంతో మాలపల్లె, మాదిగపల్లె నొక్కిన మీట అయి ఉండవచ్చు. ఎంత మన పార్టీ అయినా ఎస్సీ అభ్యర్థికి ఓటు వేయడానికి చేయి రాలేదన్న ఊరి నడిబొడ్డు నొక్కిన మీట కూడా అయి ఉండవచ్చు. మొదటిది నిరసన, రెండోది అంటరానితనం. లెక్కింపు బల్ల మీదకు వచ్చేసరికి రెండూ ఒకే అంకెలో కలిసిపోతాయి. దేశమంతటా రిజర్వుడు స్థానాల్లో నోటా వాటా సాధారణ స్థానాల కంటే ఎక్కువగా కనిపిస్తోందని ఎన్నికల పరిశీలకులు పదేపదే గుర్తిస్తూ వచ్చారు. 2019లో దేశం మొత్తంలో నోటాకు అత్యధిక ఓట్లు పడ్డ బిహార్‌లోని గోపాల్‌గంజ్ ఎస్సీ స్థానం, 51,660 ఓట్లు. మన అరకు ఎస్టీ స్థానంలో 47,977. అయితే అరకు నోటానూ గోపాల్‌గంజ్ నోటానూ ఒకే కాటాలో తూచలేం. అరకు ఓటర్లలో ఆదివాసులే అధికులు. గోపాల్‌గంజ్‌లో, తిరుపతిలో దళితులు మైనారిటీ. సీటు వారిదే అయినా ఓట్లలో పెద్ద వాటా ఇతరులదే.

ఇటువంటి అయోమయం మనకే పరిమితం కాదు. అమెరికాలో పార్టీ అభ్యర్థిని పార్టీ నాయకత్వం నియమించదు, ప్రాథమిక ఎన్నికల్లో ఓటర్లు ఎన్నుకుంటారు. 2012 మే నెలలో పశ్చిమ వర్జీనియాలో డెమొక్రాటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నిక జరిగినప్పుడు పదవిలో ఉన్న అధ్యక్షుడు బరాక్ ఒబామాపై కీత్ జడ్ అనే వ్యక్తి పోటీకి దిగాడు. అప్పటికి అతను టెక్సాస్‌లోని జైలులో శిక్ష అనుభవిస్తున్న ఖైదీ. ప్రచారం లేదు, సభ లేదు, ముఖం కూడా ఎవరికీ తెలియదు. అయినా పోలైన ప్రతి పది ఓట్లలో నాలుగు అతనికి పడ్డాయి. అదే నెలలో కెంటకీలో అదే పార్టీ ఓటర్లలో నూటికి నలభై మందికి పైగా ఎవరికీ కట్టుబడని గడిలో ఓటు వేశారు. బొగ్గు గనుల విధానం మీద కోపమని కొందరు అన్నారు. నల్లజాతి అధ్యక్షుడిని సొంత పార్టీ తెల్ల ఓటరే జీర్ణించుకోలేకపోయాడని మరికొందరు అన్నారు. పన్నెండేళ్ల తరువాత, 2024 ఫిబ్రవరిలో, మిషిగన్ రాష్ట్రంలో అదే కట్టుబడని గడి మరో అర్థంతో నిండింది. గాజా మీద బాంబులు ఆపించమని జో బైడెన్‌ను హెచ్చరిస్తూ లక్ష మందికి పైగా అక్కడ ఓటు వేశారు. ఒకే గడి. ఒకసారి అందులో వర్ణ విద్వేషపు నీడ ఉందన్న అనుమానం, ఇంకోసారి అన్యాయాన్ని ఎదిరించే అంతరాత్మ. మిషిగన్ ఓటర్లు ముందే సంఘటితమై, తాము ఎందుకు ఆ గడిలో వేస్తున్నామో ఊరూరా చెప్పి వేశారు కనుక వారి ఓటుకు అర్థం మిగిలింది. పైగా ఆ ఓటు పడింది సొంత పార్టీ లోపల. ప్రత్యర్థిని గెలిపించకుండానే తమ నాయకుడికి వాత పెట్టగలిగారు. కలువాయి ఓటరుకు ఈ సదుపాయం లేదు. పార్టీ మీద కోపం వస్తే ఎదుటి పార్టీకి వేయాలి, లేదా చిన్న పార్టీకో స్వతంత్రుడికో వేయాలి, లేదా నోటా నొక్కాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి.

ప్రాథమిక ఎన్నిక పరాయి దేశపు సరుకు, మన మట్టికి పడదు అని వాదించేవారు చరిత్ర మరచిపోయారు. చట్టబద్ధమైన ప్రాథమిక ఎన్నికలు ఈ దేశంలో జరిగాయి. జరిగింది దళితులకే. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అణగారిన తరగతులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. గాంధీజీ యెరవాడ జైలులో నిరాహారదీక్షకు దిగారు. సెప్టెంబరు 24న కుదిరిన పూనా ఒడంబడికలో ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, ఉమ్మడి నియోజకవర్గాల్లో 148 రిజర్వుడు స్థానాలు వచ్చాయి. వాటిలో మద్రాసు ప్రెసిడెన్సీ వాటా 30. ఆనాటి నెల్లూరు ఆ ప్రెసిడెన్సీలోదే. మన పాఠ్యపుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. ఒడంబడిక రెండో అంశంలో ఉన్నదాన్ని పరీక్షల కోసం చదివిన విద్యార్థి కూడా సాధారణంగా చెప్పలేడు. రిజర్వుడు స్థానంలో ఓటర్లుగా నమోదైన అణగారిన తరగతుల వారు ముందుగా తమలో తాము ఓటు వేసి నలుగురు అభ్యర్థులను ఎన్నుకోవాలి. ఆ నలుగురిలో ఒకరిని తరువాత అన్ని కులాల ఓటర్లు కలిసి ఎన్నుకోవాలి. ఈ మొదటి అంచెకు ఒడంబడిక పెట్టిన పేరే ప్రాథమిక ఎన్నిక. పదేళ్ల గడువు కూడా పెట్టింది.

కాగితం మీద ఇది గొప్ప ఏర్పాటు. దళితుల ఆమోదం లేని దళిత ప్రతినిధి చట్టసభలోకి వెళ్లకూడదన్నది దాని ఉద్దేశం. ఆచరణలో లొసుగు ఆ నాలుగు అనే అంకెలో ఉంది. తన వాళ్ల ఓట్లతో మొదటి స్థానంలో వచ్చిన వాడూ, అతికష్టం మీద నాలుగో స్థానంలో చేరిన వాడూ రెండో అంచెలో సమానమే. అక్కడ తీర్పు చెప్పేది సవర్ణ ఓటరు. మొదటివాడు ఊరికి కంటకుడైతే నాలుగోవాడు గెలుస్తాడు. పోటీకి నలుగురికి మించి లేకపోతే ప్రాథమిక ఎన్నికే జరగదు. 1946లో అంబేడ్కర్ కేబినెట్ మిషన్ ఎదుట పెట్టిన వాదనకు ఇదే ఆధారం. దళితులు మాత్రమే ఓటు వేసిన అంచెలో తమ షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ బలం కనపడిందనీ, అందరూ ఓటు వేసిన అంచెలో కాంగ్రెస్ దళిత అభ్యర్థులు గెలిచారనీ, కాబట్టి గెలిచినవారిని దళితుల ప్రతినిధులుగా లెక్కించడం అన్యాయమనీ ఆయన వాదించారు. ఆ వాదన నెగ్గలేదు. రాజ్యాంగం వచ్చేసరికి రిజర్వేషన్ మిగిలింది, ప్రాథమిక ఎన్నిక పోయింది. లొసుగును సరిచేయాల్సింది పోయి, దళితుడు తన ప్రతినిధి గురించి విడిగా మాట చెప్పగలిగిన ఒకే ఒక్క సందర్భాన్ని తొలగించారు.

ఆ ఖాళీని ఇప్పుడు ఎవరు నింపుతున్నారో 2024 ఎన్నికలకు ముందు తిరుపతి స్థానంలోనే చూశాం. వైఎస్సార్ కాంగ్రెస్ తన సిట్టింగ్ ఎంపీ మద్దిల గురుమూర్తిని సత్యవేడు అసెంబ్లీకి మార్చింది. సత్యవేడు ఎమ్మెల్యే కోనేటి ఆదిమూలాన్ని తిరుపతి పార్లమెంటుకు మార్చింది. ఆదిమూలం పార్టీ మారి తెలుగుదేశం టికెట్‌పై సత్యవేడులోనే గెలిచారు. గురుమూర్తి మళ్లీ తిరుపతికే వచ్చి 14,569 ఓట్ల తేడాతో బయటపడ్డారు. ఆయనపై బీజేపీ తరఫున నిలిచిన వరప్రసాదరావు ఎవరో కాదు, 2014లో ఇదే స్థానం నుంచి ఇదే వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీ. ఈ వ్యక్తుల యోగ్యత మీద నాకు వ్యాఖ్య లేదు. రిజర్వుడు స్థానాల్లోని నాయకులను పులిజూదంలో మేకల్లాగా జరిపే చేతులు ఎవరివి అన్నదే నా ప్రశ్న. జనరల్ స్థానాల్లోనూ మార్పులు జరిగాయి, కాదనను. కానీ జనరల్ స్థానంలో కదిలించబడిన నాయకుడికి సొంత భూమి, బంధుబలగం, కాంట్రాక్టులు ఉంటాయి. అలిగి కూర్చుంటే పార్టీయే ఇంటికి వచ్చి బతిమాలుతుంది. రిజర్వుడు స్థానంలోని నాయకుడికి టికెట్ ఒక్కటే ఆస్తి. అది ఇచ్చిన చేతికే అతను జవాబుదారీ.

తెలుగుదేశం వారు ఫోన్ ద్వారా అభిప్రాయాలు అడిగామంటారు. ఫలానా వారైతే ఒకటి, ఫలానా వారైతే రెండు నొక్కండి అని వచ్చే ఆ కాల్ మన పల్లెలకు కొత్త కాదు. అందులో ఎవరి పేర్లు పెట్టాలో నిర్ణయించేది పార్టీ. ఎవరికి ఎన్ని వచ్చాయో తెలిసేదీ పార్టీకే. ఫలితం చెప్పని ఎన్నికను ఎన్నిక అనలేం. 2014లో రాహుల్ గాంధీ చొరవతో కాంగ్రెస్ కొద్ది లోక్‌సభ స్థానాల్లో ప్రాథమిక ఎన్నికలు జరిపింది. ఓటు హక్కు పార్టీ పదవులున్నవారి వరకే పరిమితమైంది. ఆ ప్రయోగాన్ని తరువాత ఎవరూ పెద్దగా గుర్తుచేసుకోలేదు.

ఇక నిరసన తెలిపే దారి కోసం ఆత్మకూరు వైపు చూద్దాం. మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 2022 ఫిబ్రవరిలో అకాలమరణం చెందిన తరువాత జూన్ 23న అక్కడ ఉప ఎన్నిక జరిగింది. ఆయన సోదరుడు విక్రమ్‌రెడ్డి పోటీ చేశారు. తెలుగుదేశం బరిలోకి దిగలేదు. విక్రమ్‌రెడ్డికి 1,02,241 ఓట్లు, బీజేపీ అభ్యర్థికి 19,353 ఓట్లు వచ్చాయి. మూడేళ్ల కిందట అన్న ఆధిక్యం 22 వేలు, ఇప్పుడు తమ్ముడిది 82,888. పోలింగ్ శాతం మాత్రం బాగా పడిపోయింది. బీఎస్పీకీ నోటాకూ చెరో నాలుగు వేలకు పైగా పడ్డాయి. పత్రికలు ఆధిక్యాన్నే రాశాయి, రాయడం సహజం. నేను ఆ ఎనిమిది వేల ఓట్ల గురించి ఆలోచిస్తాను. గెలుపు ముందే తేలిపోయిన ఎన్నిక అది. డబ్బు పోటీ లేదు, ఓటు చీలుతుందన్న బెదిరింపు లేదు. అయినా ఎండలో నడిచి వెళ్లి, ఓడిపోతుందని తెలిసిన గుర్తు మీదనో, ఏ ఫలితమూ లేదని తెలిసిన మీట మీదనో నొక్కి వచ్చినవారు వీరు. వారిని అడిగినవారు లేరు. ఒక ప్రాథమిక ఎన్నిక ఉండి ఉంటే ఆ కుటుంబం నుంచే అభ్యర్థి రావాలా అన్న ప్రశ్న అధికార పార్టీ లోపలే ఓటుకు వచ్చేది. విక్రమ్‌రెడ్డే గెలిచేవారేమో. అప్పుడు ఆ గెలుపు ఇంకొంచెం నిండుగా ఉండేది.

ఓటు వృథా చేసుకోవద్దని పెద్దలు ఇచ్చే సలహాకు మన రాష్ట్రంలో ఒక చరిత్ర ఉంది. కారంచేడు తరువాత 1985లో దళిత మహాసభ పుట్టింది, 1991లో చుండూరు జరిగింది, ఆ ఆవేశమూ ఆ ఆలోచనా రాజకీయ రూపం తీసుకోవాలని కాన్షీరాం వెంట ఎందరో నడిచారు. 1994లో బీఎస్పీ రాష్ట్రంలో ఒక్క సీటూ గెలవలేదు. ఆనాటి నుంచి దళితవాడలో చిన్న పార్టీ జెండా కనపడగానే ఓట్లు చీల్చేవాళ్లు వచ్చారన్న మాట వినపడుతుంది. ఇదే ఉదయగిరిలో 1983 ఎన్టీఆర్ ప్రభంజనంలో, రాష్ట్రంలో పునాది కూడా సరిగా లేని బీజేపీ తరఫున వెంకయ్యనాయుడు గెలిచారు. ఆ ఓటును ఎవరూ వృథా ఓటు అనలేదు. ఓటు వృథా అవుతుందా లేదా అన్నది పార్టీ పరిమాణాన్ని బట్టే తేలదు, ఆ అభ్యర్థి వెనుక నిలబడగల సామాజిక బలాన్ని బట్టి కూడా తేలుతుంది. యానాదుల సంగతి చెప్పనే అక్కర్లేదు. నెల్లూరు జిల్లా ఊళ్లలో ఇంతమంది ఉన్న ఈ తెగకు తమదనే ఒక్క రిజర్వుడు స్థానం కూడా లేదు. రాష్ట్రంలోని ఏడు ఎస్టీ అసెంబ్లీ స్థానాలూ ఇక్కడికి ఎంతో దూరాన, ఉత్తరాన ఏజెన్సీ వైపే ఉన్నాయి. నిరసించడానికి కూడా వారికి పేరున్న అభ్యర్థి లేడు.

నోటా వెనుక వేలు ఎవరిదో తేల్చడానికి ఒక మార్గం ఉందని నా విద్యార్థులు అంటారు. ఎన్నికల సంఘం ఫారం 20లో బూత్‌ల వారీ లెక్కలు ప్రకటిస్తుంది. దళితవాడ బూత్‌లోనూ ఊరి బూత్‌లోనూ అసెంబ్లీ నోటా, పార్లమెంటు నోటా పక్కపక్కన పెట్టి చూడమంటారు. ఊరి బూత్‌లో అసెంబ్లీ జనరల్ సీటుకు లేని నోటా పార్లమెంటు రిజర్వుడు సీటుకు ఎక్కువ వస్తే దాన్ని ఏమని పిలవాలో స్పష్టమే. పద్ధతి బాగుంది, ఈ పని జరగాలి. ఒక హెచ్చరికతో. మనం చదవగలిగిన ఆ పట్టికను ఊరి పెత్తందారు కూడా చదవగలడు. 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు నోటాకు ఆదేశమిచ్చింది ప్రధానంగా రహస్యం కోసమే. అంతకు ముందు ఎవరికీ వేయనన్న ఓటరు 49-ఓ నిబంధన కింద పోలింగ్ అధికారి ఎదుట సంతకం పెట్టి తనను తాను బయటపెట్టుకోవాల్సి వచ్చేది. తీర్పు ఆ వ్యక్తిని కాపాడింది. అతని పల్లెను కాపాడలేదు. నాలుగైదు వందల ఓట్లున్న దళితవాడకు విడి బూత్ ఉంటే, ఎవరు ఎటు వేశారో ఊరికి మరునాడే తెలుస్తుంది. ఉపాధి పని, ఇంటిస్థలం, కౌలు పొలం ఆ ఊరి చేతిలోనే ఉంటాయి. పలు బూత్‌ల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, 2015లో లా కమిషన్ సమర్థించింది, కేంద్రం వద్దంది. పరిశోధకుడిగా నాకు బూత్ లెక్క కావాలి. ఆ బూత్‌లో ఓటు వేసి ఆ ఊళ్లోనే బతకాల్సినవాడికి అది అక్కర్లేదు. ఇందులో ఒకటి వదులుకోవాలంటే నేను నా లెక్కనే వదులుకుంటాను.

రిజర్వుడు పదవిని ఖాళీ చేసే విద్య ఎంత దూరం వెళ్లగలదో తమిళనాడులోని మదురై ప్రాంతం చూపింది. పాపాపట్టి, కీరిపట్టి వంటి పంచాయతీలు 1996లో దళితులకు రిజర్వు కాగా, ఆధిపత్య కులాలు దాదాపు పదేళ్లు అక్కడ ఎన్నికలు సాగనివ్వలేదు. సాగినప్పుడు తమ మనిషిని నిలబెట్టి, గెలిచిన వెంటనే రాజీనామా చేయించారు. 2006లో గాని పరిస్థితి మారలేదు. మన దగ్గర అంత మొరటుతనం అవసరపడలేదు. ఇక్కడ ఏకగ్రీవం అనే మర్యాదైన మాట ఉంది, దానికి ప్రభుత్వమే నగదు ప్రోత్సాహకం ఇస్తుంది. రిజర్వుడు సర్పంచి స్థానంలో ఏకగ్రీవం అంటే ఎవరి గొంతు ఏకమైందో మెట్ట ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి విడమరచి చెప్పనక్కర్లేదు.

కాబట్టి నా ప్రతిపాదన పరిమితమైనది. దేశమంతా ఒకేసారి అమెరికా పద్ధతికి మారమని అడగను. పార్టీలలో అంతర్గత ప్రజాస్వామ్యాన్ని చట్టంలో చేర్చాలని లా కమిషన్ 1999లో తన 170వ నివేదికలోనే సిఫారసు చేసింది. ఆ పని రిజర్వుడు స్థానాలతో మొదలుపెట్టాలి. ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ప్రతి పార్టీ రిజర్వుడు స్థానంలో తన అభ్యర్థిని ఆ నియోజకవర్గంలోని తన ఎస్సీ లేదా ఎస్టీ సభ్యుల రహస్య ఓటుతోనే ఎంపిక చేయాలని నిర్దేశించాలి. నలుగురిని కాదు, ఒక్కరిని. పూనా లొసుగు అప్పుడు పూడుతుంది. ఓట్ల లెక్కను నియోజకవర్గ స్థాయిలోనే ప్రకటించాలి, బూత్ స్థాయిలో వద్దు. పోటీలో ఎవరూ నచ్చలేదనే గడి అందులోనూ ఉండాలి. దానికి మెజారిటీ వస్తే పార్టీ మళ్లీ అభ్యర్థులను పిలవాలి. ఇది అసాధ్యమేమీ కాదు. 2018లో మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు స్థానిక ఎన్నికల్లో నోటా గెలిస్తే మళ్లీ పోలింగ్ జరపాలని ఆదేశించాయి.

ఇది వెనక దారిన ప్రత్యేక నియోజకవర్గాలను తేవడమేనని ఆక్షేపణ వస్తుంది. రాదు. చివరి ఓటు అందరిదీ, ఎప్పటిలాగే. అంతకన్నా బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది. పార్టీ సభ్యత్వ పుస్తకాలు ఊరి పెత్తందారు ఇంట్లోనే ఉంటాయి, రుసుము అతనే కడతాడు, పేర్లు అతనే రాస్తాడు, అటువంటప్పుడు ఈ ప్రాథమిక ఎన్నిక కూడా అతని చేతిలోనే జరుగుతుంది కదా అని. ఈ భయం నిజమైనదే. సభ్యత్వ నమోదును పార్టీల నుంచి తీసుకుని ఎన్నికల సంఘానికి అప్పగిస్తే తప్ప ఇది తీరదు. ఓటరు కార్డు చూపి ఏ పార్టీ ప్రాథమిక జాబితాలో తన పేరు ఉండాలో ఓటరే రాయించుకోవాలి. అలా రాయించుకుంటే ఏ పార్టీ వాడో బయటపడిపోతాడు గదా అని అడిగితే, కలువాయి దళితవాడలో ఎవరు ఏ పార్టీయో తెలియనివారు ఎవరున్నారని నేను తిరిగి అడుగుతాను. తెలియంది వారికి ఆ పార్టీలో ఎవరు కావాలన్నదే. ఆ సంగతి 1946 తరువాత వారినెవరూ ఓటు పెట్టి అడగలేదు.